ఉన్న ఒక్క కంటికి ఆపరేషనా?

శుక్లం ఆపరేషన్ ఈ రోజుల్లో పెద్ద విషయమేం కాదు. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరుతున్నారు. కానీ ఒక కన్ను ఎప్పుడో పోయి, మిగిలిన కంట్లోనే శుక్లం వచ్చినవాళ్ల సంగతి వేరు. 'ఉన్నదీ ఊడితే?' అన్న భయం వాళ్లది. దాన్ని పిరికితనమని నేననను.

మా అనంతపురం పల్లెల్లో ఇలాంటి ఆడవాళ్లు కనపడుతూనే ఉంటారు. జొన్నాకు కోసుకునో, కంపముల్లు గుచ్చుకునో, పైన ఎవరో పసరు పిండితేనో చిన్నప్పుడే ఒక కన్ను పోయుంటుంది. మిగిలినదాంతోనే కలుపు తీసి, శెనక్కాయలు ఒలిచి సంసారం ఈదుకొచ్చుంటారు. కళ్యాణదుర్గం వైపు మాకు అత్త వరస ఒకావిడకు డాక్టరు చెప్పాక కూడా మూడేళ్లు ఆపరేషన్ జరగలేదు. వాయిదా వేసింది ఆమె కాదు, కొడుకులు. ఒకసారి కాయ పీకే పని, ఒకసారి పెళ్లి, ఒకసారి వానల్లేక చేతిలో డబ్బుల్లేవు. 'ఉన్నది కూడా పోతే ఈమెను ఎవరు చూసుకుంటారు?' అని ఆమె ఎదుటే అనుకునేవాళ్లు. చెవులు బాగానే ఉన్నాయి కదా ఆమెకు! చివరికి మనవరాలిని వెంటబెట్టుకుని తనే బస్సెక్కింది. ఇప్పుడు బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

ఆగితే ప్రమాదం తగ్గదు, పెరుగుతుంది. శుక్లం ముదిరేకొద్దీ గట్టిపడి తీయడం కష్టమవుతుంది. మరీ ముదిరితే కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతినొచ్చు. అలా పోయిన చూపు మళ్లీ రాదు.

అందుకే 'చేయించాలా వద్దా' అని కాదు, ఎక్కడ, ఎవరిచేత అని అడగాలి. 'ఈమెకు ఉన్నది ఈ ఒక్కటే, అనుభవమున్న డాక్టరే చెయ్యా'లని ముందే చెప్పొచ్చు, అందులో మొహమాటమేం లేదు. పోయిందనుకున్న కన్ను నిజంగా పోయిందా, అదీ ముదిరిన శుక్లమేనా అని చూపించాలి. చూపొచ్చే ఆశ ఉంటే ముందు దానికే చేస్తారు. చుక్కల మందుతోనే మత్తిచ్చి కట్టు లేకుండా పంపడం కుదురుతుందా అనీ అడగాలి. కట్టు కడితే ఆ పూటంతా ఆమెకు చీకటే, దొడ్డికి పోవాలన్నా ఒక చెయ్యి కావాలి. తర్వాత వారాల తరబడి చుక్కలు వెయ్యాలి, పొయ్యి పొగకు దూరంగా ఉంచాలి. అంటే అన్నాళ్లూ సంగటి ఇంకెవరో కెలకాలి. చాలా ఇళ్లల్లో అసలు చిక్కు ఇక్కడే!

క్యాంపులో పరీక్ష చేయించుకోండి, ఆపరేషన్‌కు మాత్రం మంచి ఆస్పత్రికే వెళ్లండి. 2014లో పంజాబ్‌లోని ఘుమాన్ క్యాంపులో ఆపరేషన్ చేయించుకున్న ఎందరో చూపు పోగొట్టుకున్నారు. మనకు పుట్టపర్తిలో 1991లో మొదలైన సత్యసాయి ఆస్పత్రి ఉంది, కంటి ఆపరేషన్లకు డబ్బు తీసుకోరు.

సర్కారు లెక్క ఇంకోలా ఉంది. అంధత్వాన్ని బాగున్న కన్నును బట్టి కొలుస్తారు. 2016 చట్టం కింద వికలాంగుల సదుపాయాలు చాలావాటికి 40 శాతం వైకల్యం ఉండాలి. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే వేసేది 30 శాతమే. రెండోదీ పాడయ్యేదాకా ఆమె ఏ పట్టికలోకీ రాదన్నమాట. 2019 అక్టోబరు 10న కంటి వెలుగు పథకం మొదలుపెట్టింది మా అనంతపురంలోనే. ఇలాంటి పరీక్షలు ఎప్పుడు పెట్టినా చీటీ మీద 'ఒంటికన్ను' అని పెద్దక్షరాలతో రాసి, వాళ్లను ముందు పిలవాలి.