పిల్లికి షుగరొస్తే గోనెసంచేనా?

"పిల్లికి షుగరేందమ్మా, చోద్యం కాకపోతే!" అనేవాళ్ళ మీద నాకు కోపం లేదు. తెలియక అంటారు. అన్నీ చెప్పాక కూడా "అయితే ఇంకేం, ఓ గోనెసంచిలో వేసి చేపల మార్కెట్ దగ్గర వదిలేసి రండి, దాని బతుకు అది బతుకుతుంది" అనేవాళ్ళున్నారే, ఈ గొడవంతా వాళ్ళతోనే. వాళ్ళలో చాలామంది ఇళ్ళలో ఫ్రిజ్ తలుపు తీస్తే పెరుగు గిన్నె పక్కనే మామగారి ఇన్సులిన్ ఉంటుంది. నాలుగు రోజులు సూది వేయకపోతే ఏమవుతుందో వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు.

దాని బతుకు అది బతకదు. షుగరొచ్చిన పిల్లికి వైద్యం లేకపోతే రక్తంలో ఉన్న చక్కెర ఒంటికి పట్టదు. అప్పుడు తన కొవ్వునీ కండనీ తానే కరిగించుకుంటుంది. అలా కరిగేటప్పుడు కీటోన్లు పుట్టి రక్తం పులుస్తుంది. వాంతులు, తిండి మానేయడం, నీళ్ళ దగ్గరికి వెళ్ళే ఓపిక కూడా లేకపోవడం, ఆ తర్వాత మగత. కొన్నిటికి రోజుల్లో, కొన్నిటికి వారాల్లో. ఈలోగా వీధికుక్కలు దాని జోలికి రాకపోతే. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాలని మన పెద్దవాళ్ళు అనేవాళ్ళు. ఆ భయం వల్లే కాబోలు చేత్తో చంపరు, సంచితో చంపుతారు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం, ఆకలిదప్పులతో అల్లాడే స్థితిలో జంతువుని వదిలేయడం కూడా నేరమే. మొదటిసారికి జరిమానా ఎంతనుకున్నారు? 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా! చట్టానికే అంత తేలికైపోయిన ప్రాణం మనవాళ్ళకి బరువెలా అవుతుంది లెండి.

అసలు ఈ జబ్బు ఎక్కణ్ణించి వచ్చిందో చూడండి. మన పత్తి, మిరప ఊళ్ళలో పిల్లిని ముద్దుకోసం పెంచలేదు. పత్తి తీసి ఇంట్లో పోసినప్పుడు, ధర కోసం మిర్చి టిక్కీలు వసారాలో పేర్చినప్పుడు, గోతాలు కొరికే ఎలుకల కోసం పెంచారు. ఆ పత్తికుప్పలోనే ఈనేది, అక్కడే పిల్లల్ని పెంచేది. ఎలుకలో ఉండేది మాంసం, కొవ్వు. పిండిపదార్థం లెక్కలోకి రానంత తక్కువ. పిల్లి ఒళ్ళు ఆ తిండికే తయారైంది. అదే పిల్లిని టౌనుకి తెచ్చి మూడో అంతస్తులో పెట్టి, పూటపూటకీ పెరుగన్నం, పాలన్నం, మధ్యాహ్నానికి గిన్నెనిండా ఎండు గుళికలు పెడుతున్నాం. దాని నడకంతా సోఫా నుంచి కిటికీ దాకా. మగపిల్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, ఏడెనిమిదేళ్ళు దాటాయి, ఒళ్ళు చేసింది అంటే షుగరు ఎక్కువగా వచ్చేది అలాంటి వాటికే. మనుషులకొచ్చే రెండో రకం షుగరుకి ఇది దగ్గర చుట్టం. "అబ్బ, ఎంత బొద్దుగా ఉందో!" అని బుగ్గలు పుణికినవాళ్ళే తీరా జబ్బు చేసేసరికి సంచి తెమ్మంటున్నారు.

జబ్బుని ముందు కనిపెట్టేది మనమే. నీళ్ళ గిన్నె నింపేదీ, ఇసుక తొట్టి ఎత్తి పారబోసేదీ మనమే కదా. గిన్నె రోజుకి రెండుసార్లు ఖాళీ అవుతుంది. ఇసుకలో ఉండలు పెద్దవవుతాయి. తిండి ఆబగా తింటూనే వెన్నుపూస తేలుతుంది. కొన్ని పిల్లులు వెనక మడమలు నేలకి ఆన్చి, సగం కూర్చున్నట్టు నడుస్తాయి. ఇసుక తొట్టికి చీమలు కూడా పట్టొచ్చు. తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి ఆ మాట దగ్గర ఆగకుండా ఉండలేను: మధుమేహం. మధువంటే తేనె, మేహమంటే మూత్రం. చీమలు పట్టే మూత్రం సంగతి మన ప్రాచీన వైద్యులకి ఎప్పుడో తెలుసు. "ముసలిదైంది, చిక్కిపోతోంది" అని మాత్రం సరిపెట్టుకోకండి. మూత్రపిండాలు చెడినా, థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే చిక్కుతుంది, రక్తపరీక్ష చేస్తేనే తేలుతుంది. ఇంకో మెలిక, ఆసుపత్రికి తీసుకెళ్ళిన భయానికే పిల్లికి చక్కెర పెరిగిపోతుంది. అందుకని ఒక్క అంకె చూసి నిర్ధారించరు. మూత్రంలో చక్కెర చూస్తారు, గడిచిన రెండు మూడు వారాల సంగతి చెప్పే ఫ్రక్టోజమైన్ పరీక్ష చేయిస్తారు.

ఒంగోలు గిత్తని బ్రెజిల్ దాకా పంపిన సీమ మనది. గుంటూరు పక్కన లాం ఫారంలో ఆ జాతి మీద పరిశోధన జరుగుతుంది. గేదె ఈనకపోతే రాత్రికి రాత్రి డాక్టర్ని పిలుచుకొస్తారు. పిల్లిని తీసుకెళ్తే మాత్రం వరండాలో కూర్చున్నవాళ్ళంతా నవ్వుతారు. నవ్వనివ్వండి. గుంటూరు, ఒంగోలు టౌన్లలో చిన్న జంతువులకి చూసే క్లినిక్కులున్నాయి, అక్కడ కుదరకపోతే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది.

"జంతువులకి ఇన్సులిన్ ఏంటి?" అంటారు కదా, దానికి నా జవాబు ఇది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఆ మందుని కనిపెట్టింది కుక్కల మీద ప్రయోగాలు చేసే. 1922 జనవరిలో పద్నాలుగేళ్ళ లియొనార్డ్ థాంప్సన్‌కి వేసిన మందు ఎద్దు క్లోమం నుంచి తీసింది. అప్పటి నుంచి 1982లో మనిషి ఇన్సులిన్ బజారుకొచ్చేదాకా మనుషుల్ని బతికించింది పశువుల ఇన్సులినే, పందుల ఇన్సులినే. అరవై ఏళ్ళు వాటి దగ్గర తీసుకున్నాం. ఇప్పుడు ఒక పిల్లికి రెండు చుక్కలు వేస్తే చోద్యమా?

కాకరకాయ రసం పట్టించమనే వదినలు కూడా ఉన్నారు. పిల్లి నోట్లో పోసే ముందు మీరో గ్లాసు తాగి చూడండి వదినా. తాతయ్య షుగరు మాత్రల్లో ముక్క విరిచి వేయడం, ఆయన సీసాలో మిగిలిన ఇన్సులిన్ అంచనాగా ఎక్కించడం ఇంకా ప్రమాదం. పిల్లికి సాధారణంగా పన్నెండు గంటల తేడాతో రోజుకి రెండుసార్లు ఇన్సులిన్ ఇస్తారు. ఎక్కువమంది డాక్టర్లు గ్లార్జీన్ రాస్తారు. మొదట్లో పూటకి ఒక యూనిట్ చుట్టూ ఉంటుంది, ఎంతన్నది డాక్టరే చెప్పాలి. ఇక్కడే అసలు జాగ్రత్త. మన మందుల షాపుల్లో రెండు రకాల సిరంజిలుంటాయి. ఎర్ర మూతది 40 యూనిట్ల ఇన్సులిన్‌కి, నారింజ మూతది 100 యూనిట్ల దానికి. గ్లార్జీన్ 100ది. దాన్ని ఎర్రమూత సిరంజిలో ఒక గీత లాగితే రెండున్నర యూనిట్లు పోతాయి. నూట పది కిలోల మావయ్యకి అదో లెక్క కాకపోవచ్చు, నాలుగున్నర కిలోల పిల్లికి ప్రాణం మీదికొస్తుంది.

తిన్నాకే సూది. తినకపోతే మామూలు డోసు వేయకుండా డాక్టరుకి ఫోన్ చేయాలి. మెడ వెనకో, డొక్క పక్కనో వదులు చర్మాన్ని గుడారంలా లేపి గుచ్చితే చాలా పిల్లులు గిన్నెలోంచి తల కూడా ఎత్తవు. చెవి అంచున చిన్నగా గుచ్చి మన గ్లూకోమీటర్ మీదే చక్కెర చూడొచ్చు. మనుషుల మీటరు పిల్లికి అసలుకన్నా తక్కువ చూపిస్తుంది కాబట్టి ఏ మీటరో డాక్టరుకి చెప్పండి. పెరుగన్నం మాన్పించాలి, పిండిపదార్థం తక్కువగా ఉండే తడి తిండికి మార్చాలి. ఉత్త కోడిమాంసమే రోజూ పెడితే కాల్షియం, టారిన్ చాలవు. ఇన్సులిన్ మొదలయ్యాక మాత్రం డాక్టరుకి చెప్పకుండా అన్నం ఒక్కసారిగా ఆపకండి, అదే డోసుకి చక్కెర అడుగంటిపోతుంది. తూలడం, వెర్రిచూపు, వణుకు, ఫిట్స్ కనిపిస్తే చిగుళ్ళకి తేనో గ్లూకోజ్ నీళ్ళో రాసి వెంటనే పరుగెత్తాలి. స్పృహ లేనప్పుడు నోట్లో ఏదీ పోయకూడదు. తొందరగా మొదలెట్టి తిండి మారిస్తే కొన్ని పిల్లులకి కొన్ని నెలల్లో ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. ఆ అవకాశాన్ని కూడా సంచిలో కట్టేస్తున్నారు మీరు.

ఖర్చంటారా? మూడు మిల్లీలీటర్ల గ్లార్జీన్ కార్ట్రిడ్జ్‌లో 300 యూనిట్లుంటాయి. పూటకొక యూనిట్ చొప్పున నెలకి 60. మిగిలింది పారబోసి ప్రతి నెలా కొత్తది కొన్నా, ఇంట్లో పెద్దాయనకి అయ్యేదాంట్లో చిన్న వాటా. తిండి ఖర్చు, పరీక్షల ఖర్చు ఉంటాయి, కాదనను. ఎండాకాలం కరెంటు పోయిందంటే అదో తిప్పలు. ఊరి చుట్టూ మిరపకాయలకి కోల్డ్ స్టోరేజీలు కట్టుకున్నాం, ఇంట్లో మందుకి మాత్రం తడి ఇసుకలో పెట్టిన కొత్తకుండే దిక్కు.

ఇక అందరూ నసుగుతూ చెప్పే మాట: "పొద్దునా సాయంత్రం కట్టేసినట్టు ఇంట్లో ఉండాలి కదా, నీవల్ల అవుతుందా?" నీవల్ల! ఆ ఒక్క మాటలోనే ఉంది మర్మమంతా. ఇంట్లో నలుగురుంటే సూది మాత్రం ఇల్లాలే వేయాలని ముందే నిర్ణయమైపోయింది. అందుకే "నీకెందుకీ చాకిరీ" అనే జాలి రూపంలో సంచి బయటికొస్తుంది. నాకు నిజంగా జాలిపడేవాళ్ళు కావాలంటే చెయ్యి కడుక్కుని సిరంజి పట్టుకోండి. మిరపతోటకి ఏ మందు లీటరుకి ఎన్ని మిల్లీలీటర్లో నిద్రలో లేపినా చెప్పగల మగవాళ్ళు, పొలంలో మోటారు ఫ్యూజు చీకట్లో వేసే మగవాళ్ళు, సన్నసూదిలో ఒక్క గీత లాగడానికి "అమ్మో, నాకు చేతకాదు" అంటే నేను నమ్మను. మావారూ మొదట అలాగే అన్నారు. నేర్చుకోవడానికి రెండు పూటలు పట్టింది. ఇప్పుడు పొద్దుటిది ఆయనది, సాయంత్రంది నాది. ఫ్రిజ్ తలుపు మీద కాగితం ఉంటుంది, వేసినవాళ్ళు టిక్కు పెట్టాలి. టిక్కు లేదు, వేశారో లేదో గుర్తు లేదు అంటే ఆ పూట వేయం. ఒక పూట తప్పితే చక్కెర పెరుగుతుంది, తర్వాతి పూటకి సర్దుకుంటాం. రెండుసార్లు పడితే పిల్లి దక్కదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలామంది ఆడవాళ్ళు చీరాలలో పెళ్ళికి నిశ్చింతగా వెళ్ళి రాగలరు.

నిజంగానే కుదరని ఇళ్ళుంటాయి. పొద్దున్నే మిరపకోతలకి వెళ్తే చీకటిపడ్డాక గానీ రాని ఆడవాళ్ళకి పన్నెండు గంటల లెక్కలు చెప్పే మొహం నాకు లేదు. మంచానపడ్డ అత్తగారు, పరీక్షల పిల్లలు, చేతిలో డబ్బు ఆడని ఇల్లు, వీళ్ళెవర్నీ నేను తప్పుపట్టను. అప్పుడు కూడా దారి సంచి కాదు. డాక్టర్ని అడిగితే మత్తిచ్చి, నొప్పి తెలియకుండా నిద్రపుచ్చుతారు. అదే మన బల్ల మీద, మన చెయ్యి దాని తల మీద ఉండగా. "అయ్యో, మందు పెట్టి చంపుతామా, పాపం కదూ" అని ముక్కున వేలేసుకునేవాళ్ళే చేపల మార్కెట్ వైపు స్కూటర్ తిప్పుతారు. సంచి మూతి విప్పి, వెనక్కి చూడకుండా వచ్చేసి, "చేపల తలలు తిని బతుకుతుందిలే" అని కాళ్ళు కడుక్కుని భోజనానికి కూర్చుంటారు. అది దారి వెతుక్కుంటూ రెండు వీధుల అవతల ఏ కాలవ పక్కనో నీళ్ళకోసం తడుముకుంటూ ఉంటుంది అప్పటికి.