పన్నుల మాటకు చప్పట్లు, యుద్ధాల మాటకు గోల

2012లో అమెరికా అధ్యక్ష టికెట్ కోసం పోటీ పడిన అప్పటి టెక్సస్ ఎంపీ రాన్ పాల్‌కు సౌత్ కరోలినా రిపబ్లికన్ ప్రైమరీలో దక్కింది 13 శాతం ఓట్లు, నాలుగో స్థానం. ఐదు రోజుల ముందు, 2012 జనవరి 16న, మిర్టిల్ బీచ్ డిబేట్‌లో ఆయన అన్నది ఒక్కటే: ఇతర దేశాలు మనకు ఏం చేయకూడదనుకుంటామో, మనమూ వాళ్లకు అది చేయొద్దు. బైబిల్ మీద ప్రమాణం చేసే జనం, బైబిల్ మాటకే గోల చేశారు!

ఆయన పొదుపు మాట ఆ ఓటర్లకు నచ్చిందే. అప్పటికి దేశం అప్పు 15 లక్షల కోట్ల డాలర్లు దాటింది. మొదటి ఏడాదే లక్ష కోట్లు కోస్తానంటే చప్పట్లు కొట్టారు. ఆ కోత విదేశాల్లోని సైనిక స్థావరాలకు, ఇజ్రాయెల్ సాయానికీ తగులుతుందనేసరికి వెనక్కి తగ్గారు. అప్పటి బడ్జెట్‌లో విదేశీ సాయం ఒక శాతం దగ్గరే ఉండేది, రక్షణ ఖర్చు సుమారు ఐదో వంతు ఉండేది. దాన్ని ముట్టుకోకుండా లెక్క ఎలా కుదురుతుంది? అయోవాలో 30 ఏళ్లలోపు వాళ్లలో దాదాపు సగం మంది ఆయనకే వేశారు. పెద్దవాళ్లకు మాత్రం ఇరాన్ బాంబు భయమే ముందుండేది.

అలాగని ఆయన మన పక్షం అనుకోవడం తొందరపాటే. 2002లో ఇరాక్ యుద్ధం వద్దని ఓటేసిన మాట నిజమే. 2001లో అఫ్గానిస్తాన్ దాడికి దారిచ్చిన తీర్మానానికి సరేనన్నదీ ఆయనే. సాయం ఆపితే పాలస్తీనాకూ ఆగుతుంది. అయినా ఇరాన్‌పై ఆంక్షలే యుద్ధంతో సమానమని ఆ పోటీలో అన్నది ఆయనొక్కరే. రామ్నీ, గింగ్రిచ్, సాంటోరమ్ అవసరమైతే దాడికీ సిద్ధమన్నారు. గల్ఫ్‌లో కొడుకులు పనిచేస్తున్న ఇళ్లకు ఈ తేడా చిన్నదేమీ కాదు.