గుర్రం, ఏనుగు, ఆంబోతు

ఈమధ్య మా బల్ల మీదికొచ్చిన ఒక అనువాద కథలో పెళ్లికూతురి తండ్రి ‘అనియంత్రిత ఆనందం’తో గంతులేశాడు. మూలంలో ఏముందో చూడకుండానే తెలిసిపోయింది: ‘అన్‌బ్రైడిల్డ్’. అర్థం తప్పలేదు. కానీ ఆ ఆనందాన్ని అదుపు చేయడానికి ట్రాఫిక్ పోలీసు రావాలేమో అనిపించింది.

బ్రైడిల్ అంటే గుర్రం తలకు తొడిగే పట్టీలు, నోటి ఇనుము, పగ్గాలు అన్నీ కలిపి. మన కళ్లెం. కళ్లెం లేని ఆ ఒక్క గుర్రం మీదే ఇంగ్లీషు సంతోషాన్నీ, దురాశనూ, అధికారాన్నీ ఎక్కిస్తుంది. తెలుగుకు అది చేతకాదు, అక్కర్లేదు కూడా. మనకు ఆనందం పట్టరానిది, ఆశ అంతులేనిది, ఖర్చు విచ్చలవిడిది. ధరలకేమో పట్టపగ్గాలుండవు.

అధికారం దగ్గరికొచ్చేసరికి సంస్కృతం ఏనుగునిచ్చింది. గుర్రం తెలియక కాదు. కఠోపనిషత్తులో ఇంద్రియాలు గుర్రాలు, మనసు పగ్గం. అయినా ‘నిరంకుశం’లో ఉన్నది మావటి చేతి అంకుశం, ‘విశృంఖలం’లో ఉన్నది గొలుసు. ఇక్కడో తమాషా ఉంది. నియంత అంటే అదుపు చేసేవాడు. నిరంకుశుడు అంటే అదుపు లేనివాడు. పత్రికల్లో ఇద్దరూ ఒకడే. మనల్ని అదుపు చేసేవాణ్ణి అదుపు చేసేవాడు లేడని ఈ రెండు మాటలూ పక్కపక్కన నిలబడి చెబుతున్నాయి. (కవులు నిరంకుశులని ఓ పాత మాట ఉంది. దాన్ని అడ్డం పెట్టుకుని మాకొచ్చే పద్యాల సంగతి మరోసారి.)

నాకు అన్నిటికన్నా ఇష్టం మన అచ్చోసిన ఆంబోతు. దేవుడి పేరనో, పోయినవాళ్ల పేరనో ముద్ర వేసి వదిలిన పశువది. ఎవరి చేలో పడి మేసినా కర్ర ఎత్తకూడదు. గుర్రానికి కళ్లెం ఊడింది, ఏనుగుకు అంకుశం లేదు. ఆంబోతు మాత్రం తాడు తెంచుకుని పోలేదు. ఊరే అచ్చు వేసి మరీ వదిలింది. పలుకుబడి ఉన్న ఇంటి కుర్రాణ్ణి ఆ మాటతో తిట్టినప్పుడు సగం తిట్టు ఊరికి తగులుతుంది. ‘అన్‌బ్రైడిల్డ్’లో ఈ సంగతి లేదు.

కథలో తండ్రి ఆనందాన్ని ‘పట్టరాని’దిగా దిద్దాం. ఆరో పేజీలో అదే ‘అన్‌బ్రైడిల్డ్’ మేనమామ తాగుడికీ ఉంది. ఊరంతా నవ్వుతూ పోయించి పాడుచేసిన మనిషి ఆయన. ఆంబోతును తెద్దామంటే అనువాదకుడు గుర్రం దిగనంటున్నారు. కథ వచ్చే సంచికకు వాయిదా పడింది.