పిడుదుల మందు ఆవుకు కాదు, ముందు కొట్టానికి

నాలుగు వానలు పడి గడ్డి పోచలు లేచినాయో లేదో, మన అనంతపురం పల్లెల్లో ఒకటే ప్రశ్న. "ఆవు చెవుల్లో, పొదుగు కింద, తోక మొదట్లో పిడుదులు పట్టినాయి, ఏం పుయ్యాల?" కొన్ని చోట్ల గోమార్లు అంటారు, రెండూ ఒకటే. పైన వీడియోలో నేను ఏ మందూ చూపించలేదు, మా కొట్టం గోడ చూపించినాను. చాలామందికి అది వింతగా అనిపించి ఉంటుంది. కానీ నా అభిప్రాయం అదే. మనం కొట్లాడే చోటే తప్పు.

ఆవు మీద కనిపించేది పిడుదుల్లో కొంచెమే. మన దగ్గర ఆవులకు ఎక్కువగా పట్టే రకం పిల్ల దశలో ఆవు మీదికి ఎక్కి, అక్కడే పెరిగి, దాదాపు మూడు వారాలకు రక్తంతో ఉబ్బి కింద రాలుతుంది. రాలిన ఆడది ఏ సందులోనో దూరి రెండు మూడు వేల గుడ్లు పెట్టి చస్తుంది. ఆ గుడ్లలోంచి వచ్చిన పిల్లలు ఏమీ తినకుండా నెలల తరబడి ఆవు కోసం కాచుకుంటాయి. ఇంకో రకం ఉంది, కాళ్ళ మీద చారలుంటాయి, కొంచెం పెద్దది. అది ఆవు మీద నుంచి దిగి గోడ సందుల్లో దాక్కుని, కుబుసం విడిచి మళ్ళీ ఎక్కుతుంది. ఈ రోజు ఆవుకు మందు కొట్టి చేతులు కడుక్కుంటే, గోడలో ఉన్నవి వచ్చే వారం ఎక్కుతాయి. అంతే.

"మన ఎండకు అన్నీ చస్తాయిలే" అంటారు పెద్దోళ్ళు. సగం నిజం. బయట ఎండిన బీట్లో పిల్ల పిడుదు బతకడం కష్టమే. కానీ మన కొట్టాలు చూడండి. మట్టి పూత రాలిపోయిన రాతి గోడ, నీళ్ళ తొట్టి పక్కన ఎప్పుడూ ఆరని తడి, మూలలో పాత వేరుశనగ కట్టె. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో పిడుదుకు చల్లటి ఇల్లు మనమే కట్టి ఇస్తున్నాం.

మేము చేసేది చెప్తాను. గోడ సందులన్నీ మట్టి, సున్నంతో మూసినాం. మిగిలిన పగుళ్ళ మీద గ్యాస్ మంట ఆడిస్తాం. పశువుల్ని, మేతను బయటికి తీసినాకే, బోద కప్పు ఉన్న కొట్టంలో మాత్రం అస్సలు వద్దు. పేడ రోజూ ఎత్తి దూరంగా కుప్ప వేస్తాం, లోపల వేడెక్కే కుప్పలో గుడ్లు బతకవు. నాటుకోళ్ళను పొద్దున కొట్టంలోకి వదుల్తాం, రాలిన పిడుదుల్ని ఏరుకుని తింటాయి. ఆవుకు మూడు రోజులకోసారి గట్టి బ్రష్షుతో రుద్దడం, వేపనూనె పుయ్యడం. వేపనూనె పిడుదును అప్పటికప్పుడు చంపదు, గుడ్లు, పిల్లల మీద కొంత పని చేస్తుంది. దానితోనే అంతా అయిపోతుందని వీడియోలు పెట్టేవాళ్ళను నమ్మొద్దు. పొగాకు కషాయం, సీతాఫలం గింజల పొడి కూడా సహజమే కదా అంటారు. పొగాకు ఆవుకూ విషమే, సీతాఫలం పొడి కంట్లో పడితే కన్ను పోవచ్చు.

రసాయనం వాడేవాళ్ళను నేను తిట్టను. కానీ సీసా మీద రాసిన కొలత వదిలేసి మూతతో అంచనాగా కలిపితే, చావకుండా మిగిలినవే సంతానం పెంచుతాయి. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి మందులకు లొంగని పిడుదులు మన దేశంలో చాలాచోట్ల బయటపడ్డాయి. ఇక ఐవర్‌మెక్టిన్ సూది వేస్తే ఆ మందు పేడలోకి వస్తుంది, పేడపురుగుల పిల్లలు చస్తాయి. జీవామృతానికి ఆ పేడ ఎందుకు పనికొస్తుంది? మేము ఘనజీవామృతం అమ్ముతాం కాబట్టి సూది పడిన ఆవు పేడను నెల రోజులు పక్కన పెడతాం. పాలిచ్చే ఆవుకైతే డాక్టరును అడక్కుండా ఆ సూది వద్దే వద్దు.

ఇప్పుడు మన సహజ వ్యవసాయం వాళ్ళకు నచ్చని మాట. జ్వరం వచ్చినాక కషాయం పని చెయ్యదు. పిడుదు రక్తం తాగి పోవడం లేదు, రక్తంలో పరాన్నజీవిని వదిలి పోతుంది. థైలీరియా అయితే 104 డిగ్రీలు దాటిన జ్వరం, భుజం ముందు గడ్డ ఉబ్బడం, పాలు తగ్గడం. బబేసియా అయితే కాఫీ రంగు మూత్రం. అనాప్లాస్మా అయితే కనురెప్ప లోపల పాలిపోయి పసుపు తిరగడం. మూడింటికీ మందులు వేరువేరు, రక్తం స్లైడు చూసి వెయ్యాల్సిన సూదులు. మా పక్క ఊర్లో ఒకాయన హెచ్.ఎఫ్. సంకరజాతి ఆవుకు ఐదు రోజులు తిప్పతీగ, మిరియాలు పోసి, ఆరో రోజు డాక్టరును పిలిచినాడు. అప్పటికి ఆవు లేవలేదు. నాటు ఆవు తట్టుకున్నంత సంకర ఆవు తట్టుకోదు, థైలీరియా విషయంలో మరీ. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. అది పిలిస్తే మన సిద్ధాంతం ఏమీ చెడదు. సంకర దూడలకు థైలీరియా టీకా కూడా ఉంది, దొరుకుతుందేమో అడగండి.

మనుషుల సంగతీ చెప్పాల. పిడుదును గోళ్ళ మధ్య చిట్లించే అలవాటు మన గొర్రెల కాపరులందరికీ ఉంది. మానుకోండి. 2011లో గుజరాత్‌లో బయటపడిన కాంగో జ్వరం చారల కాళ్ళ రకం పిడుదులతో వచ్చేదే, పిడుదును నలిపినా, జబ్బు పశువు రక్తం తగిలినా అంటుకోవచ్చు. మన పక్క రాష్ట్రం శివమొగ్గ అడవుల్లో 1957 నుంచి ఉన్న కోతి జ్వరం కూడా పిడుదుల పనే. అది మన మెట్టల్లో ఉందని భయపెట్టడం లేదు, చేతి అలవాటు గురించి చెప్తున్నా. ఒంటికి పట్టినదాన్ని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా లాగండి, కిరోసిన్, బీడీ మంట వద్దు. లాగింది సబ్బు నీళ్ళ డబ్బాలో వెయ్యండి. మొన్నటి స్క్రబ్ టైఫస్‌కు కూడా పిడుదే కారణం అంటున్నారు కొందరు, అది వేరే, కంటికి ఆనని చిగ్గర్ అనే పురుగు పిల్ల. ఏదైనా సరే, బీట్లో తిరిగినాక జ్వరం వస్తే డాక్టరుకు ఆ ముక్క చెప్పండి.

ఒక పాత కథ. 1893లో అమెరికాలో స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు టెక్సాస్ పశువుల జ్వరం పిడుదుతోనే వస్తుందని నిరూపించినారు. ఆ తర్వాత అక్కడి రైతులు మందు తొట్లలో పశువుల్ని ముంచడంతో పాటు, బీళ్ళను నెలల తరబడి ఖాళీగా వదిలి పిడుదుల్ని ఆకలితో చంపినారు. మనకు అంత బీడు లేదు. కానీ సంత నుంచో, చింతామణి వైపు నుంచో కొత్త ఆవు తెచ్చినప్పుడు మూడు వారాలు వేరే చెట్టు కింద కట్టెయ్యగలం. రోజూ దువ్వండి, రాలినవి ఏరి కాల్చండి, చెవి లోపల వేలు పెట్టి చూడండి, ఆ తర్వాతే కొట్టంలోకి తోలండి.