అందరికీ తలంటిన చేతులకు అభ్యంగనం ఎవరు చేస్తారు?

అభ్యంగనం అనగానే నేడు చాలామందికి రెండే విషయాలు స్ఫురిస్తాయి. ఒకటి నరకచతుర్దశి వేకువన జరిగే తలంటు. రెండవది పట్టణాలలో వెలసిన మర్దన కేంద్రాల నామఫలకాలు. మొదటిది ఏడాదికొక ముచ్చటగా మిగిలింది. రెండవది డబ్బున్నవారి విలాసమైంది. ఈ రెంటి నడుమ, నిత్యజీవితంలో ఉండవలసిన ఒక సదాచారం మన ఇళ్లనుండి మెల్లగా నిష్క్రమించింది. దానిని తిరిగి ఇంటికి పిలవాలన్నదే ఈ వ్యాసంలో నా మనవి.

వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలో దినచర్యను వివరిస్తూ అభ్యంగనాన్ని పండుగలకు పరిమితం చేయలేదు, నిత్యకృత్యాలలో చేర్చాడు. అది వార్ధక్యాన్ని, శ్రమను, వాతాన్ని శమింపజేసి సుఖనిద్రను కలిగిస్తుందని చెబుతూ, శిరస్సు, చెవులు, పాదాల విషయంలో విశేష శ్రద్ధ చూపమన్నాడు. చరకసంహితలో ఈ సందర్భాన కుండ, తోలు, బండి ఇరుసు ఉపమానాలుగా కనిపిస్తాయి. నూనె పట్టించినందువల్ల అవి ఎట్లా దృఢంగా నిలుస్తాయో శరీరమూ అట్లే నిలుస్తుందని భావం. స్పర్శేంద్రియంలో వాయువుకు ప్రాధాన్యం, ఆ ఇంద్రియానికి ఆశ్రయం చర్మం. కనుక చర్మానికి అభ్యంగనం పరమహితమని చరకుని తర్కం.

ఇంత తెలిసిన కుటుంబంలోనే నేను పెరిగాను. మేము ఐదుగురు సంతానం. పండుగనాడు మా అమ్మ తెల్లవారుజామున నాలుగింటికే లేచి, కాగు కింద మంట పెట్టి, ఒక్కొక్కరిని పీటమీద కూర్చోబెట్టి, మాడున నూనె అద్ది, ఒళ్లంతా మర్దించి, నలుగు పెట్టి, కుంకుడు రసంతో తలంటి పంపేది. అందరి స్నానాలు ముగిశాక, గిన్నె అడుగున మిగిలిన నూనెను తన తలకు తానే రాసుకొని, వంట ఆలస్యమవుతుందని గబగబా నాలుగు చెంబులు పోసుకొని వచ్చేది. ఆమె వీపుకు నూనె రాసే చేయి ఒకటి కావాలన్న ఆలోచన అన్నేళ్లలో మా ఐదుగురిలో ఒక్కరికీ రాలేదు.

డెబ్బై రెండవ ఏట, మోకాళ్ల నొప్పులతో, నిద్రలేమితో అమ్మ నా వద్దకు వచ్చింది. ఒళ్లంతా నూనె రాస్తానంటే "ఈ వయసులో నాకెందుకే ఇవన్నీ?" అని సిగ్గుపడింది. బలవంతాన ఒప్పించాను. కానీ బలంగా రుద్దితేనే ఫలితమన్న అపోహ నాలోనూ ఉండేది. మరునాడు చీర కట్టుకుంటుండగా ఆమె భుజాలమీద నీలి మచ్చలు చూశాను. నొప్పి అని ఒక్కమాట అనలేదు. రక్తం గడ్డకట్టకుండా ఆమె మాత్రలు వాడుతున్నదని నాకు తెలుసు. దానికీ మర్దనకూ సంబంధం ఉంటుందని మాత్రం తోచలేదు. మా వైద్యుడు మందలించి, అనుమతించినా, చేయి తేలికగా ఉండాలని హెచ్చరించాడు.

ఆనాటినుండి నేను నేర్చుకున్న పద్ధతిని గృహిణులకు, గృహస్థులకు కూడా విన్నవిస్తున్నాను. భోజనమైన రెండు మూడు గంటల తర్వాతనే ప్రారంభించాలి. గాలి విసురుగా రాని గదిలో పాత దుప్పటి పరచి, అవసరమైన భాగం తప్ప మిగిలిన ఒళ్లంతా కప్పి ఉంచాలి. నువ్వుల నూనె శ్రేష్ఠం. వేసవిలో కొబ్బరినూనె వాడవచ్చు. నూనె గిన్నెను వేడినీటిలో ఉంచి గోరువెచ్చగా చేసి, ముందు మీ మణికట్టు లోపలివైపు పరీక్షించండి. చేతులకు, కాళ్లకు పొడవుగా, కీళ్లవద్ద గుండ్రంగా అరచేతిని నడపాలి. పొట్టపై గడియారపు ముల్లు తిరిగే దిశలో అతి మెల్లగా రాయాలి. వెన్నెముకకు ఇరువైపులా రాయాలే గాని ఎముకపై నొక్కరాదు. చెవుల వెనుక, తమ్మెలకు రాస్తే చాలు. చెవిలో నూనె పోసే పని ఇంట్లో వద్దు. చివరకు అరికాళ్లకు తీరికగా రాయండి. అరగంట చాలు. కొంతసేపు విశ్రాంతి తరువాత సున్నిపిండితో, గోరువెచ్చని నీటితో స్నానం చేయించాలి. నూనె పాదాలతో స్నానాల గదిలోకి వృద్ధులను ఒంటరిగా పంపకండి. పాదాలు తుడిచి, చేయి పట్టి నడిపించండి.

జ్వరం, అజీర్ణం, చర్మంపై పుండ్లు ఉన్నప్పుడు మర్దన పనికిరాదు. ఒక కాలి పిక్క హఠాత్తుగా వాచి, నొప్పి పుడితే అది సిరలో రక్తం గడ్డకట్టిన లక్షణం కావచ్చు; రుద్దకుండా వెంటనే వైద్యుని వద్దకు వెళ్లాలి. మధుమేహంతో పాదాలు మొద్దుబారినవారికి నూనె వేడి తెలియదు. వారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. గర్భిణులు, ఎముకలు పెళుసుబారినవారు వైద్యుని అడిగి చేయించుకోవాలి.

శిక్షణ పొందినవారి మర్దనను నేను కాదనను. పంచకర్మ చికిత్స వైద్యుని పర్యవేక్షణలోనే జరగాలి. అభ్యంగనంతో సర్వరోగాలూ పోతాయని కూడా అనను. మా అమ్మ మోకాళ్ల అరుగుదల అట్లాగే ఉంది. ఉదయపు బిగుతు కొంత సడలింది. నూనె రాసిన రాత్రులలో నిద్ర బాగా పట్టింది. అంతే. కానీ ఆ కొంచెం కూడా తల్లికి దక్కనీయని ఇళ్లు ఎన్ని లేవు? తీరిక లేదంటాము. వారానికి ఒక అరగంట లేని ఇల్లు ఉంటుందని నేను నమ్మను. లేనిది అలవాటు. ఇంటిల్లిపాదికీ సేవచేసే స్త్రీకి సేవ అవసరమన్న తలంపే మనకు అలవాటు కాలేదు. కోడలు అత్తకు నూనె రాస్తే మెచ్చుకుంటాము. ఆ కోడలి నడుము నొప్పికి ఎవరు నూనె రాస్తున్నారని అడగము. భర్త భార్య పాదాలకు, కుమారుడు తల్లి పాదాలకు నూనె రాయడంలో చిన్నతనం ఏముంది?

మూడు వారాలు గడిచిన తర్వాత ఒక ఆదివారం, నేను వీపుకు నూనె రాస్తుండగా అమ్మ "ఇక్కడ ఇంకొంచెం రాయవే" అని రెండు భుజాల నడుమ చూపింది. నాకు తెలిసి తనకోసం ఆమె అడిగిన మొదటి కోరిక అదే. వచ్చే ఆదివారం మీ ఇంట నూనె గిన్నె వెచ్చచేసినప్పుడు, మొదటి పీట ఎవరికి వేయాలో దయచేసి ఆలోచించండి.