లవకుశుల గొంతు ఎవరిది?

బాలల గేయనాటికకు పెద్దలు చేయదగిన సాయమేది, చేయరాని సాయమేది? వార్షికోత్సవాల కాలం వచ్చినప్పుడెల్లా అడగవలసిన ప్రశ్న ఇది. విడవలూరు వంటి తీరగ్రామంలో బడి ఉత్సవమంటే ఊరి ఉత్సవమే. పొలం నుండి వచ్చిన రైతులు, రొయ్యల గుంటల పని ముగించుకొన్న కూలీలు, పట్టపుపాలెం తల్లులు వేదిక ముందు చేరి, తమ బిడ్డ ఎప్పుడు వస్తాడా అని కాచుకొని ఉంటారు. బిడ్డ రానే వస్తాడు. కిరీటం ఉంటుంది, పట్టుబట్ట ఉంటుంది, ముఖాన రంగు ఉంటుంది. పాట మాత్రం స్పీకరు పెట్టెలో నుండి వస్తుంది. బిడ్డ పెదవులు కదిపి ఊరకుంటాడు. ఇది ఒక్క ఊరి ముచ్చట కాదు. తెలుగునాట నేడు అనేక బడులలో జరుగుతున్నదే.

ఇందులో దురుద్దేశమేమీ లేదు. సంగీతోపాధ్యాయుడు లేని బడులే ఎక్కువ. పిల్లలు శ్రుతి తప్పితే పదిమందిలో నగుబాటవుతుందన్న భయం ఉపాధ్యాయులది. పైగా మైకు, దుస్తులు, దీపాలు డబ్బుతో వస్తాయి. పాట అట్లా రాదు. దానికి రెండు నెలల పాటు సాయంకాలాలు ఓపికగా కూర్చోవాలి. చందా ఇచ్చే చేతులు దొరికినంత సులభంగా అట్లా కూర్చునే మనిషి దొరకడు.

పిల్లలచేత పాడించడమన్నది మనకు కొత్త గాదు. తిక్కన నిర్వచనోత్తర రామాయణం రచించి మనుమసిద్ధికి అంకితమిచ్చిన నెల్లూరి సీమలో ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆదికావ్యాన్ని రాజసభలో పాడినవారు ఇద్దరు పిల్లలు. వారిని పంపుతూ వాల్మీకి చెప్పిన జాగ్రత్తలు ఉత్తరకాండలో చూడదగినవి. దినానికి ఇరవై సర్గల చొప్పున పాడుమన్నాడు, ధనానికి ఆశపడవద్దన్నాడు, ఎవరి బిడ్డలని రాజు అడిగితే వాల్మీకి శిష్యులమని చెప్పుమన్నాడు. ఆ ఇరవై సర్గల లెక్కలో, పిల్లల గొంతు ఎంతవరకు ఓర్చునో ఎరిగిన గురువు కనిపిస్తాడు.

ఈ కథనే తెలుగు తెర కూడా చెప్పింది. 1934 నాటి ‘లవకుశ’ కాలానికి మన సినిమాలలో నేపథ్యగానం ఇంకా రాలేదు గనుక తెరమీది పిల్లలే పాడుకొన్నారు. 1963 నాటి ‘లవకుశ’లో పిల్లల పెదవులకు లీల, సుశీల తమ గొంతులిచ్చారు. ఆ పాటల తీపిని కాదనగలవారు తెలుగునాట ఉండరు. అయినా సినిమా అవసరం వేరు, బడి అవసరం వేరు.

రేడియో సరిగ్గా ఎదురుదారిన నడిచింది. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా తెలుగు పిల్లలెరిగిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు నడిపిన బాలల కార్యక్రమాలలో కిరీటం లేదు, ముఖానికి రంగు లేదు; ఉన్నదల్లా పిల్లల గొంతే. శాంతినికేతనంలో రవీంద్రుడు 1908లో ‘శారదోత్సవం’ రచించి ఆశ్రమబాలురచేత ఆడించాడు. ఆ శాంతినికేతనంలో చదివి, రవీంద్రుని రచనలను తెలుగు చేసిన బెజవాడ గోపాలరెడ్డి విడవలూరికి ఎంతో దూరం కాని బుచ్చిరెడ్డిపాళెం వారు. ఆ గాలి ఈ ప్రాంతానికి బొత్తిగా సోకనిదేమీ కాదు.

ఇక సాయం చేయబూనే పెద్దల మాట. మొదటి పొరపాటు హార్మోనియం దగ్గరే జరుగుతుంది. భజనలకు వాయించే మనిషి ఊళ్లో ఒకడు దొరకడం అదృష్టమే. కాని ఆయన తన గొంతుకు అనువైన ఒకటో ఒకటిన్నరో శ్రుతి పట్టుకొని కూర్చుంటే పిల్లలు గొణుగుతారు. వారికి నాలుగో అయిదో కావాలి. ఈ పిల్లలకు పాడటం రాదని తేల్చినవారిలో చాలామంది శ్రుతి మార్చి చూడనివారే. గొంతు మారే వయసులో ఉన్న మగపిల్లవానిచేత పైస్థాయి పాడించనే కూడదు. వానికి మాటలు గల పాత్రో, తాళమో ఇవ్వవచ్చు. బాణీల కోసం ఎక్కడికో పోనక్కరలేదు. సంక్రాంతికి గొబ్బి పాటలు పాడిన ఆడపిల్లలకు ఆ నడకలోనే కొత్త మాటలు కూర్చి ఇస్తే సగం పని అయినట్లే. ఒక్కడు నాయకుడై తక్కినవారు చెట్లై నిలిచే నాటిక కంటె అందరూ వంత పాడే నాటిక మేలు. (ఎక్కువ చందా ఇచ్చినవారి అబ్బాయికే రాముని వేషం దక్కే ఆచారాన్ని గురించి ఇక్కడ ఏమీ చెప్పకపోవడమే మర్యాద.)

అన్నిటికంటె కీడు చేసేది ఒక చిన్న మాట: “నువ్వు పాడవద్దులే, నోరు మాత్రం ఆడించు.” శ్రుతి కలియని బిడ్డతో పెద్దలు మెల్లగా, నవ్వుతూ అనే మాట ఇది. తిట్టు కాదు, దెబ్బ కాదు. అయినా ఆ మాట విన్న పిల్ల పెద్దదై తన బిడ్డకు జోల పాడటానికి కూడా వెనుకాడవచ్చు. శ్రుతి కలియని గొంతు చాలావరకు వినడం అలవడని గొంతు. బాగా పాడే బిడ్డ పక్కన నిలిపి కొన్ని వారాలు ఓపిక పడితే పెక్కుమంది కలుస్తారు. కలియని ఒకరిద్దరి అపశ్రుతి ఇరవై మంది వంతపాటలో ఎవరికి వినబడుతుంది? తల్లికి వినబడుతుంది, వినబడవలసినదే.

ప్రదర్శననాడు చరణం మరచిన పిల్లవాడు తెరవైపు చూస్తాడు. తెరచాటు పెద్దమనిషి తొందరపడి తాను గొంతెత్తకుండా, హార్మోనియం మీద ఆ మెట్టునే ఇంకొకమారు పలికించి ఆగాలి. వానికి చరణం తోచేదాకా జనం కూర్చుంటారు. వారంతా వానికోసం వచ్చినవారే గదా.