ఏ ఓడెక్కుదాం?

బద్వేలు నుంచి నెల్లూరు మీదుగా కృష్ణపట్నం రేవుకు కారులో ఓ మూడు గంటల దారి. అంటే సముద్రం మరీ దూరమేం కాదు. అయినా ఈ ప్రాంతంవాళ్లకి సాగరమంటే చెరువే! పక్కనున్న పోరుమామిళ్ల చెరువు అసలు పేరు అనంతరాజసాగరం. విజయనగర ప్రభువు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించాడు. 1369 నాటి ఆ చెరువు శాసనంలో ఓ తమాషా ఉంది. మంచి చెరువుకు ఏమేం ఉండాలో పన్నెండు, ఏమేం ఉండకూడదో ఆరు... వరసపెట్టి రాతి మీద చెక్కించారు. డబ్బు పోసేముందు మంచీచెడూ చూసుకోమనేగా!

ఇప్పుడా ఊళ్లలో అసలైన సాగరం మాట వినబడుతోంది. ‘వారం రోజులూ ఓడలోనే అంట... తిండీ నిద్రా అన్నీ అందులోనే అంట’ అని. కారణం ఎవరో చెప్పక్కర్లేదు, పిల్లలే. ఆర్నెల్లు ఉండిపోదామని వచ్చిన అమ్మానాన్నలకు డిస్నీలాండూ నయాగరా చూపించేశాక మిగిలేది క్రూయిజే కదా మరి.

బద్వేలులో రిటైరైన ఓ మాస్టారింట్లో ఈమధ్య ఇదే పంచాయితీ. పెళ్లయి నలభై ఏళ్లవుతోంది. ‘అలాస్కా తీసుకెళ్తా నాన్నా’ అంటుంది డాలస్‌లో ఉన్న కూతురు. ‘అంత దూరమెందుకు, చెన్నైలోనే ఎక్కి దిగుదాం, నా ఖర్చు’ అంటాడు బెంగళూరు కొడుకు. ఎవరి దగ్గరా చెయ్యి చాచడం ఇష్టం లేని మాస్టారు పింఛను లెక్కలు ముందేసుకున్నారు. ఆయన భార్యది ఒకటే మాట. ‘యాడికైనా సరే గానీ, మెట్లు లేకుండా చూడండబ్బా!’ ఆమెకు మోకాళ్ల నొప్పులు. నిజానికి ఆ ఇంట్లో సరైన ప్రశ్న అడిగింది ఆవిడే. కంపెనీ పేరు తర్వాత సంగతి. ఎవరు వెళ్తున్నారు, వాళ్లకేం కావాలి... లెక్క అక్కడ మొదలవ్వాలి.

మన రేవుల్లో ఎక్కితే

పాస్‌పోర్టు గొడవ లేకుండా సముద్రం రుచి చూడాలంటే కార్డీలియా ఉంది. ముంబయి నుంచి 2021లో మొదలైంది. 2022 జూన్‌లో చెన్నైకి వచ్చి అక్కణ్నుంచి విశాఖకూ తిరిగింది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. 2025లో మళ్లీ చెన్నై, విశాఖ, పుదుచ్చేరిలను కలుపుతూ తిరిగిందీ ఓడ. జులై 2న విశాఖలో ఆగినప్పుడు జనం ఫొటోలకి ఎగబడ్డారు. పశ్చిమ తీరంలో వానాకాలం సముద్రం మరీ పోటుమీద ఉంటుంది కాబట్టి ఆ నెలల్లోనే ఇటువైపు వస్తుంది. మిగతా కాలమంతా ముంబయి, గోవా, కొచ్చి, లక్షద్వీప్‌లే. కాబట్టి ‘సంక్రాంతికి చెన్నైలో ఎక్కుదాం’ అనుకుని కూర్చుంటే కుదరకపోవచ్చు. ముందు తేదీలు చూసుకోవాలి.

ఈ ఓడ కొత్తదేం కాదు. 1990లో రాయల్ కరీబియన్ కంపెనీ కోసం కట్టింది. చేతులు మారి మన దగ్గరకొచ్చింది. మన తిండి, జైన్ భోజనం, హిందీ పాటలు, మాట్లాడితే అర్థమయ్యే సిబ్బంది... ఇవి దీని బలం. కాస్త హోరు ఎక్కువ. ఆఫీసు బృందాలూ కుర్రకారూ గుంపులుగా ఎక్కుతారు. 2021 అక్టోబరులో ముంబయిలో మాదకద్రవ్యాల నియంత్రణ అధికారులు సోదాలు జరిపింది ఈ ఓడలోనే కాబట్టి ‘ఆ ఓడేనా!’ అని ముఖం చిట్లించేవాళ్లూ ఉన్నారు. రెండు మూడు రాత్రులకి పిల్లలతో వెళ్లే కుటుంబాలు అంత బెంగపడక్కర్లేదు. ప్రశాంతంగా సముద్రం చూస్తూ కూర్చోవాలనుకునే పెద్దవాళ్లు మాత్రం బాల్కనీ ఉన్న గది తీసుకోవాల్సిందే. లక్షద్వీప్ ట్రిప్పులో ఓడ ఒడ్డుకు రాదు. నడిసముద్రంలో ఆపి చిన్న పడవల్లోకి దింపుతారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అదో పరీక్ష!

సింగపూర్ రెండో మెట్టు. స్టార్ క్రూయిజెస్ వారి సూపర్‌స్టార్ వర్గో పేరు గుర్తుందా? ఓ తరం మనవాళ్ల క్రూయిజ్ మోజంతా ఆ ఓడతోనే. దాన్ని నడిపిన జెంటింగ్ హాంకాంగ్ సంస్థ 2022 జనవరిలో దివాలా తీసింది. ఆ కుటుంబానిదే కొత్త సంస్థ ఇప్పుడు సింగపూర్ నుంచి జెంటింగ్ డ్రీమ్ ఓడను నడుపుతోంది. ఇందులో హలాల్, జైన్ శాకాహారం రెండూ దొరుకుతాయి. రాయల్ కరీబియన్ ఓడలూ అక్కణ్నుంచి చిన్న ట్రిప్పులు తిప్పుతుంటాయి. ఓడెక్కి మళ్లీ సింగపూర్‌లోనే దిగుతారు కాబట్టి రెండోసారి అడుగుపెట్టేందుకు వీలున్న వీసా ఉందో లేదో చూసుకోండి.

అన్నట్టు ముంబయి నుంచి జలేష్ పేరుతో 2019లో అట్టహాసంగా మొదలైన మన దేశపు క్రూయిజ్ సంస్థ ఏడాదిన్నరైనా నిలవలేదు. కొవిడ్‌తో 2020లోనే మూతపడింది. అందుకే ఏడాది ముందే డబ్బంతా కట్టేస్తే తగ్గింపు ఇస్తామన్నారని పొంగిపోకూడదు. అడ్వాన్సు ఎంత, మిగతాది ఎప్పుడు, రద్దయితే ఎంత వెనక్కిస్తారు... కాగితం మీద చూడాలి.

అమెరికాలో అయితే...

అసలు తికమకంతా ఇక్కడే. పేర్లు బోలెడు. బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. తెల్లగా, పొడుగ్గా, పైన ఈతకొలనుతో! లోపల మాత్రం దేని తీరు దానిదే.

కార్నివాల్‌ది సరదా బాపతు. 1972లో వాళ్ల మొదటి ఓడ మొదటి ప్రయాణంలోనే మయామీ రేవు బయట ఇసుకలో కూరుకుపోయింది. అక్కణ్నుంచి లేచి ఇంతదైంది! ధర తక్కువ, సందడి ఎక్కువ. నిక్కర్లేసుకుని తిరిగినా ఎవరూ పట్టించుకోరు. రాత్రి భోజనంలో భారతీయ శాకాహారం అడిగితే పెడతారు. 1968లో నార్వేవాళ్లు మొదలుపెట్టిన రాయల్ కరీబియన్‌ది పెద్ద ఓడల పిచ్చి. 2024 జనవరిలో వచ్చిన ఐకాన్ ఆఫ్ ద సీస్‌లో గరిష్ఠంగా 7,600 మంది పడతారు. 2011 లెక్కల్లో బద్వేలు పట్టణ జనాభా 70 వేల చిల్లర. అంటే ఊళ్లో పదోవంతు ఒక్క ఓడలో! నీటి జారుడుబల్లలు, నాటకాలు, ఆటలు... మనవలకి పండగే. మోకాళ్ల నొప్పులున్న నానమ్మకు మాత్రం గది నుంచి భోజనశాల దాకా నడవడమే ఓ ప్రయాణం. ఓడ పెద్దదయ్యేకొద్దీ నడక పెరుగుతుందన్న ముక్క రంగురంగుల బ్రోచర్లలో కనిపించదు.

నార్వేజియన్ వారిది ‘మీ ఇష్టం’ పద్ధతి. ఫలానా టైముకే భోజనానికి రావాలన్న నియమాన్ని 2000లో ఎత్తేశారు. ఒంటరిగా వెళ్లేవాళ్ల కోసం చిన్న గదులు 2010లో పెట్టారు. ఇది చాలామందికి తెలియదు. ఓడల్లో ధర ‘ఇద్దరు కలిసి ఉంటే ఒక్కొక్కరికి’ అని రాస్తారు. అమ్మ ఒక్కతే వెళ్తే గదికి దాదాపు ఇద్దరి డబ్బూ కట్టాలి. అలాంటివాళ్లు ముందు ఈ గదుల గురించే అడగాలి. ఎమ్మెస్సీ వారు ఇటలీ కుటుంబం. సరుకు కంటెయినర్ల ఓడల్లో ప్రపంచంలోనే పెద్ద సంస్థ వాళ్లది. ధర బాగుంటుంది. ప్రకటనలు నాలుగైదు భాషల్లో మోగుతుంటాయి. డిస్నీ ఓడ పిల్లల స్వర్గం, జేబుకి చిల్లు. ప్రిన్సెస్, హాలండ్ అమెరికా... పెద్దవాళ్ల ఓడలు. నెమ్మది. అలాస్కాలో ఎన్నో ఏళ్లుగా తిరుగుతున్నవి. ఎక్కేవాళ్లలోనూ తల నెరిసినవాళ్లే ఎక్కువ. మాస్టారికి బాగా నచ్చేవి ఇవే అనిపించింది.

మరింకేం, అలాస్కా వెళ్లిపోవచ్చుగా?

ఆగండి. సియాటిల్‌లో ఎక్కే అలాస్కా ఓడలు మామూలుగా కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. సరదాకి కాదు. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవుల మధ్యే జనాన్ని తిప్పకూడదని 1886 నాటి చట్టం. పెద్ద క్రూయిజ్ ఓడలన్నీ దాదాపు విదేశీ జెండావే. అందుకని మధ్యలో ఓ పరాయి రేవును తాకాలి. కొన్ని ఓడలు కెనడాలోని వాంకూవర్ నుంచే బయల్దేరతాయి. ఎటు చూసినా మన పాస్‌పోర్టుకి కెనడా వీసా కావాలి. అమెరికా వీసా పదేళ్లది ఉంది కదా అంటే చాలదు. మేం విక్టోరియాలో దిగం, గదిలోనే కూర్చుంటామన్నా ఒప్పుకోరు. ఓడ దాకా వెళ్లి, కాగితాలు చూశాక వెనక్కి పంపేస్తే కట్టిన డబ్బూ పోతుంది.

చిత్రమేమంటే ఒకే కుటుంబంలో తలో రూలు! అమెరికాలో పుట్టిన మనవడికి వీసా అక్కర్లేదు. గ్రీన్‌కార్డున్న అల్లుడు కార్డు, పాస్‌పోర్టు చూపిస్తే చాలు. హెచ్‌1బి మీదున్న కూతురికి వీసా కావాలి. బద్వేలు నుంచొచ్చిన అమ్మానాన్నలకూ కావాలి. అందుకే ఈ పని ఇక్కడ విమానం ఎక్కకముందే చేసుకోవాలి. హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల్లో కెనడా వీసా కేంద్రాలున్నాయి. వేలిముద్రలకి వెళ్లాలి, పాస్‌పోర్టు పంపాలి, వారాలు పడుతుంది. పాస్‌పోర్టులో అమెరికా వీసా గడువు తీరిపోయిన హెచ్‌1బి పిల్లలైతే ఇంకో జాగ్రత్త. వెళ్లేది కరీబియన్ దీవులకే అయినా తిరిగి రావడం చిక్కు కావొచ్చు. లాయర్నడక్కుండా ఓడెక్కొద్దు.

మరి మాస్టారి సంగతి? కెనడా వీసా లేదు. తెచ్చుకునే ఓపికా లేదు. కూతురిది డాలస్. అక్కణ్నుంచి కారులో నాలుగైదు గంటలు వెళ్తే గాల్వెస్టన్ రేవు. కార్నివాల్, రాయల్ కరీబియన్ రెండూ అక్కణ్నుంచి మెక్సికోకి తిరుగుతాయి. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మన పర్యాటకులకు మెక్సికో వేరే వీసా అడగదు. విమానం టికెట్లు మిగుల్తాయి. కోజుమెల్‌లో ఓడ నేరుగా ఒడ్డునే ఆగుతుంది కాబట్టి ఆవిడ పడవ దిగే పనుండదు. మొదటిసారికి నాలుగైదు రాత్రులు చాలు. నా ఓటు అటే. కూతురు ఇంకా అలాస్కా మంచుకొండల ఫొటోలే పంపుతోందట!

ధర పక్కన రాయనివి

పోల్చేటప్పుడు ప్రకటనలో కనిపించే అంకెను నమ్మకండి. రేవు పన్నులు కలపండి. తర్వాత టిప్పులు. అమెరికా ఓడల్లో ఇది మీ దయ మీద ఆధారపడే వ్యవహారం కాదు. మనిషికి రోజుకి సుమారు 16 నుంచి 20 డాలర్లు ఖాతాలో రాసేస్తారు. 18 అనుకున్నా నలుగురికి ఏడు రాత్రులకి 504 డాలర్లు. నలభై వేల రూపాయల పైమాటే! పసిపిల్లలకి మినహాయింపు ఉంటే అడగాలి. ఇంటర్నెట్, కూల్‌డ్రింకులు, స్పెషల్ రెస్టారెంట్లు, రేవుల్లో బస్సు టూర్లు అన్నీ విడిగా. అన్నీ కలిపి మనుషులతో, రాత్రులతో భాగించి చూస్తే ‘చవక’ ఓడ ఒక్కోసారి ఖరీదైనదిగా తేలుతుంది. ఓడలో డాక్టరుంటారు గానీ ఫీజు గట్టిగానే ఉంటుంది. అమెరికాలో అమ్మానాన్నలకి తీసుకున్న విజిటర్ బీమా సముద్రం మీద పనిచేస్తుందా? ఈ ఒక్క ప్రశ్న బీమా కంపెనీకి రాసి, జవాబు రాతలోనే తెప్పించుకోండి.

ఇక తిండి. ఇంట్లో చేసిన ఆవకాయ సీసా, పులిహోర డబ్బా ఓడలోకి రానివ్వరు. సీలు తియ్యని ప్యాకెట్లకే మామూలుగా అనుమతి. కరెంటు కుక్కరూ కెటిలూ అయితే రేవు దగ్గరే లాగేసుకుంటారు. బెంగపడకండి. వంటవాళ్లలో, వడ్డించేవాళ్లలో మనదేశంవాళ్లు చాలామందే ఉంటారు. మొదటిరోజే పెద్ద వెయిటరుకి చెప్పి పెట్టుకుంటే అన్నం, పప్పు, పెరుగుకి లోటుండదు. కారం సంగతి మాత్రం వదిలేయండి!

మందులు చేతిసంచీలోనే ఉంచుకోండి. రేవులో ఇచ్చేసిన పెద్దపెట్టె గదికి చేరేసరికి ఏ సాయంత్రమో అవుతుంది. బస్సెక్కితే వాంతులయ్యేవాళ్లు ఓడ మధ్యలో, కింది డెక్కులో గది అడగాలి. ఊపు అక్కడ తక్కువ. ఘాటు రోడ్డుకి వేసుకునే బిళ్లే ఇక్కడా పనిచేస్తుంది గానీ బీపీ, షుగరు ఉన్నవాళ్లు డాక్టర్నడిగి వేసుకోవాలి.

కచ్చులూరు దగ్గర గోదావరిలో 2019 సెప్టెంబరులో బోటు మునిగిన దగ్గర్నుంచీ నీళ్ల మీద ప్రయాణమంటే చాలా ఇళ్లలో గుండె దడ. అందులో తప్పులేదు. అయితే 1912లో టైటానిక్ మునిగాక ప్రపంచ దేశాలు 1914లో ఓ ఒప్పందం రాసుకున్నాయి. తర్వాత మార్చుకుంటూ వచ్చిన ఆ నియమాలే ఇప్పటికీ ఓడలకు దిక్కు. బయల్దేరే రోజునే ప్రతి ప్రయాణికుడూ ప్రమాదమొస్తే ఎక్కడికి చేరాలో, లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో నేర్చుకుని తీరాలి. బఫే దగ్గర వరసలో ఉన్నాం కదా అని దాన్ని ఎగ్గొట్టకండి. అమ్మను కూడా తీసుకెళ్లి ఆ చోటు చూపించండి. అక్కడికి వెళ్లే దారిలో మెట్లెన్నున్నాయో అప్పుడే లెక్కపెట్టుకోండి. ప్రమాదవేళ లిఫ్టులు వాడనివ్వరు కాబట్టి మెట్లెక్కలేనివాళ్లు ఉన్నారని బుకింగ్ రోజే కంపెనీకి రాసి ఇవ్వాలి. సాయానికి మనిషిని వాళ్లే కేటాయిస్తారు.